గేరు మీది చెయ్యి

ఆ ఏడు జూన్‌లో బడి తెరిచే నాటికే మట్టయ్య ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. ఆ సంగతి భార్య సుమిత్రమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియనివ్వకూడదనే అతని తాపత్రయమంతా.

మట్టయ్యకు యాభై రెండేళ్లు. దేవరకొండ దగ్గరి పల్లె నుంచి పాతికేళ్ల కింద పట్నం వచ్చి, కొన్నాళ్లు లారీ నడిపి, గత పదకొండేళ్లుగా ఎల్బీనగర్ అవతలి కాలనీలో ఉన్న ఒక ప్రైవేటు బడిలో బస్సు డ్రైవరుగా పనిచేస్తున్నాడు. ఉండేది మీర్‌పేట్‌లో కిరాయి ఇంట్లో. అతని బస్సులో ముప్పై ఎనిమిది మంది పిల్లలు. ఎక్కువమంది నాగోల్‌లో మూసీ వైపు లేచిన కొత్త అపార్ట్‌మెంట్ల పిల్లలే.

నొప్పి శివరాత్రి రోజుల్లో మొదలైంది. పడక సరిగా లేక పట్టేసిందనుకున్నాడు. వారం పోతే వెనక జేబులో చెయ్యి పెట్టలేకపోయాడు. నెల పోతే చొక్కా తొడుక్కోలేకపోయాడు. సుమిత్రమ్మ ముందు ఎడమ చెయ్యి దూర్చి, తర్వాత కుడి చెయ్యి దూర్చి, చంటిపిల్లాడికి తొడిగినట్టు తొడిగేది. ఆ పక్కకు తిరిగి పడుకుంటే భుజంలో ఎవరో మేకు దింపినట్టుండేది. మీర్‌పేట్‌లోనే నూనె రాసి నరాలు సరిచేస్తాడని పేరున్న ఒకాయన దగ్గరికి పోతే, రాసినంతసేపు రాసి, చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజాడు. మట్టయ్యకు కళ్లు బైర్లు కమ్మాయి. ఆ తర్వాత నాలుగు రోజులు చెంబు కూడా పట్టలేకపోయాడు.

బస్సులో గేరు మార్చేది ఎడమ చేత్తోనే. మిగతా గేర్లు ఎట్లాగో పడేవి. ఫస్టు గేరు పడాలంటే మాత్రం చెయ్యి ముందుకూ, కాస్త ఎడమ పక్కకూ చాపాలి. అది చాతగాక మట్టయ్య నడుముతో సహా ఒంగి, ఒంటి బరువంతా ఆ వైపు వేసి గేరు తోసేవాడు. చూసేవాళ్లకు రోడ్డు మీద ఏదో చూడటానికి ఒంగినట్టు ఉండాలని తల కూడా కొంచెం వంచేవాడు. నాగోల్ నుంచి బడి దాకా ఎన్ని సిగ్నళ్లు, ఎన్ని స్పీడు బ్రేకర్లు, ఎక్కడెక్కడ ఫస్టు గేరులోకి దిగాలో అతనికి కంఠతా వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం నుంచే ఆ లెక్క మనసులో తిరగడం మొదలయ్యేది. అన్నం సహించేది కాదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. రెండేళ్ల కింద అదే బడిలో ఇంకో డ్రైవరుకు కంట్లో శుక్లం ఉందని తెలిసిన రోజే బస్సు తాళాలు తీసేసుకుని పంపించేశారు. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. "నువ్వైతే నోరు తెరువకు. దసరా దాక ఎట్లనన్న నెట్టుకరా, గప్పటికి తగ్గుతది" అంది సుమిత్రమ్మ. అట్లా అన్న మనిషే రోజూ పొద్దున అతను గడప దాటేటప్పుడు "జర పైలం" అని రెండుసార్లు చెప్పేది.

జూలైలో ఒక గురువారం పొద్దున సన్నగా వాన పడుతోంది. నాగోల్‌లో ఒక కాలనీ నుంచి మెయిన్ రోడ్డుకు ఎక్కే ఏటవాలు దారి ఉంది. సగం ఎక్కాక ఎదురుగా ఒక బైకు అడ్డం వచ్చింది. మట్టయ్య బ్రేకు తొక్కాడు. బైకు పోయింది. మళ్లీ కదలాలంటే ఫస్టు గేరు కావాలి. తొందరలో ఒంగడం మరిచి చెయ్యి చాపాడు. భుజం నుంచి మోచేతి దాకా కరెంటు కొట్టినట్టయింది. ఒళ్లంతా ముడుచుకుపోయి, కాలు బ్రేకు మీద నుంచి జారింది.

బస్సు వెనక్కి కదిలింది.

"అన్నా! బండి ఎనుకకు పోతున్నది!" అని అరిచింది అండాలమ్మ.

అండాలమ్మ బస్సులో ఆయా. పిల్లల్ని ఎక్కించి దించే పని ఆమెది. ఎప్పుడూ ముందు తలుపు దగ్గరే నిలబడుతుంది. ఆమె కేకతోనే మట్టయ్య కాలు మళ్లీ బ్రేకు మీద పడింది. బస్సు ఆగింది. అద్దంలో చూస్తే వెనక ఒక ఆటో. అందులో ఒడిలో చంటిబిడ్డను పెట్టుకున్న ఒక అమ్మాయి. ఆటోకూ బస్సుకూ నడుమ మూరెడు దూరం కూడా లేదు. ఆటో అతను తిడుతున్నాడు. పిల్లలకు మాత్రం భలే సరదాగా ఉంది. "అంకుల్, మళ్లీ ఒకసారి!" అని వెనక సీట్ల నుంచి చప్పట్లు కొట్టారు.

బడి దగ్గర పిల్లలందరూ దిగాక అండాలమ్మ దిగలేదు.

"చెయ్యికి ఏమైందన్నా?"

"ఏం కాలే. వానకు కాలు జారింది."

"నేను కాలు జూడలే. నీ మొఖం జూసిన. గేరు కాడ నువ్వు ఒంగుడు గూడ నెల సంది జూస్తున్న. చెప్పు."

మట్టయ్య ఇంజను ఆపేశాడు. తర్వాత చెప్పాడు. శివరాత్రి నుంచి మొదలుపెట్టి, నూనె రాసినాయన దాకా.

"దవాఖానకు ఎందుకు పోలే?"

"పోతే బండి నడపొద్దని రాసిస్తరు చెల్లె. నౌకరి పోతది. నాకింకో పని రాదు."

"నా మనుమరాలు గూడ గీ బండిలనే ఒస్తది గదా అన్నా. మూడో సీట్ల కూసుంటది." ఆమె గొంతు పెంచలేదు. "సోమారం దాక ఆగుతా. మంచి డాక్టరుకు చూపెట్టుకో. ఆయన నడపొచ్చంటే నేను నోరు తెరువ. నువ్వు పోకుంటే మాత్రం నేనే మహేందర్ సారుకు చెప్త."

మహేందర్ బడి బస్సులన్నిటికీ ఇన్‌చార్జి.

మట్టయ్య మరునాడు సాయంత్రం బస్సు పెట్టేసి, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాడు. అక్కడైతే బడివాళ్లు ఎవరూ కనబడరని అతని ధీమా. కోచింగ్ సెంటర్ల సందులో, రెండో అంతస్తులో ఒక ఫిజియోథెరపీ క్లినిక్ ఉందని బస్సు కడిగే మనిషి ఎప్పుడో మాటల్లో చెప్పాడు.

క్లినిక్ నడిపే అమ్మాయి పేరు సూర్యప్రభ. ముప్పై ఏళ్లుంటాయి. తెనాలి వైపు మనిషి. మాటల్లో ఆ యాస అట్లాగే ఉంది.

"కూర్చోండి బాబాయ్. చెయ్యి పైకెత్తండి చూద్దాం. అంతేనా? సరే, ఇప్పుడు మీరు వదిలెయ్యండి, నేను ఎత్తుతాను."

ఆమె ఎత్తినా చెయ్యి అక్కడిదాకానే లేచింది. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, అరచేతిని బయటికి తిప్పి చూసింది. అది అసలు తిరగనే లేదు. మట్టయ్య పళ్లు బిగపట్టాడు.

"మీరెత్తినా లేవట్లేదు, నేనెత్తినా లేవట్లేదు. అదే గుర్తు. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. భుజం కీలు చుట్టూ సంచిలాగా ఒక పొర ఉంటుంది. అది వాచి బిగుసుకుపోయింది. ఒకసారి ఎముకల డాక్టరు గారికి చూపించండి. ఎక్స్‌రే తీయించి, షుగరు పరీక్ష కూడా చేయించమంటారు. షుగరున్నవాళ్లకి ఇది ఎక్కువగా వస్తుంటుంది."

"నాకు షుగరేం లేదు మేడమ్."

"ఎప్పుడు చూపించుకున్నారు?"

మట్టయ్య ఎప్పుడూ చూపించుకోలేదు.

"తగ్గుతదా?"

"తగ్గుతుంది. కానీ నెలలు పడుతుంది. తొందరపడి ఎవరితోనూ గుంజించుకోకండి. ఇంతకీ ఏం పని చేస్తుంటారు?"

ఆ ప్రశ్న వస్తుందని మట్టయ్యకు మెట్రోలోనే తెలుసు. "వాచ్‌మన్ను. అపార్ట్‌మెంటు కాడ."

"ఆ, అయితే ఫరవాలేదు. గేటు కుడిచేత్తో తియ్యండి, బరువులు ఎత్తకండి. బండేమైనా నడుపుతారా?"

"నడుపను."

ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది.

సోమవారం పొద్దున బస్సు ఎక్కుతూనే అండాలమ్మ అతని వైపు చూసింది.

"పోయొచ్చిన చెల్లె. భుజం పట్టుకుపొయిందట. కసరత్తు చెయ్యమన్నరు."

"మరి బండి?"

"నడపొచ్చన్నరు. పైలంగ నడుపుకొమ్మన్నరు."

అండాలమ్మ ముఖం తేటపడింది. "హమ్మయ్య. నాలుగు దినాల సంది పరేషాన్‌లున్న అన్నా" అని తలుపు దగ్గరికి పోయింది. ఆమె అంత సులువుగా నమ్ముతుందని మట్టయ్య అనుకోలేదు. ఇంకో రెండు ప్రశ్నలు వేసి ఉంటే బాగుండేదనిపించింది.

ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. షుగరు మాత్రం బాగా ఎక్కువ ఉంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా అదే చెప్పింది. డాక్టరు మాత్రలు రాసి, ఫిజియోథెరపీ మానొద్దన్నాడు. సుమిత్రమ్మ ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని వంటగదిలోకి పోయి, చక్కెర డబ్బా తీసి పక్కింటివాళ్లకు ఇచ్చేసి వచ్చింది. తర్వాత కూర్చుని ఏడ్చింది. ఒక రోగం అనుకుంటే రెండయ్యాయి.

వారానికి మూడు సాయంత్రాలు మట్టయ్య దిల్‌సుఖ్‌నగర్ పోయేవాడు. సూర్యప్రభ ముందు వేడి కాపడం పెట్టేది. తర్వాత అతన్ని పడుకోబెట్టి, భుజం గుండును రెండు చేతులతో పట్టి మెల్లగా కదిపేది. "ఓర్చుకోగలిగినంతే. ఆపమంటే ఆపేస్తాను" అనేది. ఇంటి దగ్గర చెయ్యమని కొన్ని నేర్పింది. బల్ల మీద కుడిచెయ్యి ఆనించి ఒంగి, ఎడమచేతిని గడియారం లోలకంలా ఊపడం. గోడ మీద వేళ్లతో పైకి పాకించడం. కర్రను రెండు చేతులతో పట్టుకుని, మంచి చెయ్యితో రెండోదాన్ని తొయ్యడం. సుమిత్రమ్మ తలుపు పైన కొక్కేనికి తాడు వేసి, రెండు కొసలకూ పాత చీర పేలికలు చుట్టి ఇచ్చింది. కుడిచేత్తో కిందికి లాగితే ఎడమది పైకి లేస్తుంది.

మూడు వారాలు చేసినా చెయ్యి ముందుకన్నా రెండు వేళ్ల ఎత్తు మించి లేవలేదు. "ఇక్కడ కొంచెం వదులైంది మీరు మళ్లీ వచ్చేసరికి బిగుసుకుంటోంది. ఇంట్లో చేస్తున్నారా? పగలు చేత్తో ఏదైనా గట్టి పని చేస్తున్నారా?" అని సూర్యప్రభ రెండుసార్లు అడిగింది. లేదన్నాడు. రోజుకు ఎన్ని వందల సార్లు గేరు తోస్తున్నాడో అతనికి మాత్రమే తెలుసు.

ఆగస్టులో ఒక బుధవారం అతను కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సూర్యప్రభ అతని మోచెయ్యి పట్టి మెల్లగా పక్కకు ఎత్తుతోంది. మెడనొప్పి కోసం ఒకావిడ లోపలికి వచ్చింది. పక్క మంచం మీద సంచీ పెడుతూ ఇటు చూసింది.

"అరె, డ్రైవర్ అంకుల్! మీరేంది ఇక్కడ?"

మట్టయ్య వెంటనే గుర్తుపట్టాడు. నాగోల్‌లో నాలుగో స్టాపు. అన్విత అనే రెండో తరగతి పాప తల్లి.

"మా పాప స్కూల్ బస్ నడిపేది ఈయనే మేడమ్" అని ఆమె సూర్యప్రభకు సంతోషంగా చెప్పింది. "మూడేళ్ల సంది. ఇసొంటి డ్రైవర్ దొరకడు. మా అన్విత ఈయన బండిల ఎక్కిందంటే నాకింక ఫికరే ఉండదు. ఫోన్ గూడ చూసుకోను."

మట్టయ్య మోచెయ్యి కింద ఉన్న సూర్యప్రభ చెయ్యి ఆగిపోయింది. ఆమె ఆ తల్లికి మెడ చుట్టూ వేడి పట్టీ చుట్టి, తెర లాగి, మట్టయ్యను బయటి గదిలోకి రమ్మంది.

"వాచ్‌మన్ అన్నారు కదా బాబాయ్."

మట్టయ్య నిలబడే ఉన్నాడు. "మీ కాళ్లు మొక్కుతా మేడమ్, ఆమెకు చెప్పకండి. బడికి చెప్పకండి. నౌకరి పోతది."

"నేనెవరికీ చెప్పను. మీ సంగతి మీరే చెప్పుకోవాలి." ఆమె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది. "కానీ మీకు తెలియాల్సింది ఒకటి చెప్తాను. ఈ చెయ్యితో అంత పెద్ద బండి నడపడం కుదరదు. నొప్పి ఎప్పుడు పట్టేస్తుందో మీ చేతుల్లో ఉండదు. ఇప్పటికే ఏదైనా జరిగిందా?"

అతను తల దించుకున్నాడు. ఆమె అర్థం చేసుకుంది.

"అందుకేనా, ఎంత చేసినా వదులవ్వట్లేదు" అంది.

ఆ సాయంత్రం మట్టయ్య మెట్రో ఎక్కలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నడిచే పోయాడు. పైన మెట్రో రైళ్లు పోతూనే ఉన్నాయి. చైతన్యపురి దగ్గర ఒక బడి బస్సు సిగ్నల్‌లో ఆగి ఉంటే, అందులో డ్రైవరు ఎడమ చెయ్యి గేరు మీద వేసుకుని తీరికగా పక్క మనిషితో మాట్లాడుతున్నాడు. మట్టయ్య ఆ చేతినే చూస్తూ నిలబడిపోయాడు. ఫోన్ కూడా చూసుకోనన్న ఆ తల్లి మాట దగ్గరే అతని మనసు ఆగిపోయింది. ఆమె తిట్టి ఉంటే భరించేవాడు.

ఇంట్లో సుమిత్రమ్మకు చెప్పాడు. రేపు తాళాలు ఇచ్చేస్తానన్నాడు. ఆమె వద్దనలేదు. "ఇచ్చెయ్. పొద్దుగాల నువ్వు పోయినంక తొమ్మిది గొట్టేదాక నా పానం పానంల ఉంటలేదు" అంది. ఆ మాట ఆమె ఇన్నాళ్లూ మింగుకుని ఉందని అతనికి అప్పుడే తెలిసింది.

మరునాడు ఆరుంబావుకు బడి ఆవరణలో బస్సులు కడుగుతున్నారు. మహేందర్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అతనిది కర్మన్‌ఘాట్‌లో తరతరాలుగా ఉన్న కుటుంబం. వయసులో మట్టయ్య కంటే చిన్న. నోరు మాత్రం పెద్దది.

మట్టయ్య తాళాలు బల్ల మీద పెట్టాడు. "నేను బండి తియ్య సారు. నా ఎడమ చెయ్యి పనిచేస్తలేదు."

"పొద్దుగాల పొద్దుగాల ఏం మాట్లాడుతున్నవ్ మట్టన్నా? ఎప్పటి సంది?"

"శివరాత్రి కాడికెళ్లి. ఆర్నెల్లయింది."

"ఆర్నెల్లా!" మహేందర్ లేచి నిలబడ్డాడు. "ఆర్నెల్ల సంది గిట్లనే పోరగాండ్లను ఎక్కించుకొని తిప్పుతున్నవా? నీకేమన్న దిమాక్ ఉన్నదా?"

"ఇంకోటి గూడ ఉంది సారు. పోయిన నెల నాగోల్ గడ్డ ఎక్కేకాడ బండి ఎనుకకు పొయింది. ఎనుక ఆటో ఉండె. తాకలే. నా తప్పే."

ఆ సంగతి అతను చెప్పకపోతే మహేందర్ దాకా వచ్చేది కాదు. మహేందర్ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు చెప్పలే?"

"కంట్ల శుక్లం ఉన్నాయనకు మీరేం జేసిన్రు సారు?"

కడిగేవాళ్లు పైపు కట్టేసి ఇటే చూస్తున్నారు. మహేందర్ ముఖం ఎర్రబడింది. "అది నేను జేసిందా? పైనోళ్లు జేసిన్రు" అన్నాడు గానీ, ఆ మాటలో జోరు లేదు. గడియారం చూసుకున్నాడు. వేరే డ్రైవరును పిలిపించేంత వ్యవధి లేదు. తాళాలు తీసుకున్నాడు. "పద. నేను నడుపుత. నువ్వు పక్కన కూసోని స్టాపులు చెప్పు."

మహేందర్ పెద్ద బండి నడిపి ఆరేళ్లయింది. గేర్లు కరకరమన్నాయి. అండాలమ్మ ఎక్కి, డ్రైవరు సీట్లో మహేందర్‌ను చూసి, తర్వాత మట్టయ్యను చూసింది. సంగతేమిటో మహేందరే రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె దారి పొడుగునా పిల్లల్ని ఎక్కించుకుంటూ పోయింది. బడి దగ్గర దిగేటప్పుడు మాత్రం అంది.

"డాక్టరు నడపొచ్చన్నరని నాతోని చెప్పినవ్."

"చెప్పిన."

"నేను మూడు వారాలు మనుమరాలిని గీ బండిలనే తోల్కొచ్చిన అన్నా, నీ మాట మీద." అంతే. ఆ తర్వాత రెండు నెలలు ఆమె అతనితో మాట్లాడలేదు.

బడి యాజమాన్యం రెండు రోజులు తర్జనభర్జన పడింది. మహేందర్ లోపల ఏం మాట్లాడాడో మట్టయ్యకు తెలియదు. బయటికి వచ్చి మాత్రం, "నౌకరి తీసేస్తలేరు. అట్లని మళ్ల బండి ఇస్తరని గూడ నేను మాటియ్య. అప్పటిదాక గేటు కాడ కూసో" అన్నాడు. వాచ్‌మన్నని అబద్ధం చెప్పిన మనిషి నిజంగానే వాచ్‌మన్ అయ్యాడు. జీతం తగ్గింది. సుమిత్రమ్మ పక్క కాలనీలో రెండిళ్లలో వంటకు ఒప్పుకుంది.

అతని బస్సుకు కొత్త డ్రైవరు వచ్చాడు. పాతికేళ్ల మనిషి, జాగ్రత్తపరుడు. రోజూ పొద్దున బస్సు గేటు దాటుతుంటే, ఫస్టు గేరు వెన్నలా పడిన చప్పుడు మట్టయ్య చెవిన పడేది. ఆ చప్పుడు వినకూడదని అతను కొన్నాళ్లు ఆ వేళకు పంపు దగ్గరికి పోయేవాడు. ఇట్లాంటి డ్రైవరు దొరికాక తనను ఎందుకు ఉంచుకుంటారని రోజంతా భయపడేవాడు.

చెయ్యి మాత్రం గేరు మానేశాక మెల్లగా మాట వినడం మొదలుపెట్టింది. నొప్పి తగ్గింది, బిగుతు ఉంది. "ఇక నుంచి కొంచెం గట్టిగా చేయొచ్చు" అంది సూర్యప్రభ. ఆ గట్టిగా చెయ్యడం అతనికి నరకంలా ఉండేది. వీపు వెనక తువ్వాలు పట్టుకుని పైచేత్తో లాగాలి. అక్టోబరు మొదట్లో ఒక రోజు ఎంత లాగినా చెయ్యి నడుము దాటలేదు. తువ్వాలు నేలకేసి కొట్టి, ఇది తగ్గే రోగం కాదని మెట్లు దిగి పోయాడు. పది రోజులు పోలేదు. ఇంట్లో తలుపుకు వేలాడే తాడు వైపు కూడా చూడలేదు.

అప్పుడే ఒక మధ్యాహ్నం అండాలమ్మ గేటు దగ్గరికి వచ్చి, అతని పక్కన గట్టు మీద కూర్చుంది.

"ఎంత లేస్తున్నది?"

అతను చెయ్యి ఎత్తి చూపించాడు. చెవి దాకా రాలేదు గానీ, భుజం దాటి బాగా పైకే వచ్చింది.

"జూన్‌ల గింత గూడ లేకుండె గదా."

"లేకుండె."

"మరెందుకు బంద్ జేసినవ్? సుమిత్రక్క ఫోన్ జేసింది. నాకింకా నీ మీద కోపం పోలే అన్నా, గది వేరే. చెయ్యి బాగుజేసుకో."

మరునాడు అతను దిల్‌సుఖ్‌నగర్ పోయాడు. సూర్యప్రభ తువ్వాలు చేతికిచ్చింది.

డిసెంబరు చివరికి షుగరు అదుపులోకి వచ్చింది. చెయ్యి చెవికి తగిలింది. వీపు వెనక ఇంకా కొంచెం తక్కువే. ఎముకల డాక్టరు చూసి, బండి నడపడానికి అభ్యంతరం లేదని రాసిచ్చాడు. ఆ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని మూడు వారాలు ఎదురుచూశాక, జనవరిలో ఒక ఆదివారం మహేందర్ ఖాళీ బస్సు తీయించాడు. నాగోల్ పొమ్మన్నాడు. ఆ ఏటవాలు దారి సగంలోకి రాగానే, "ఆపు" అన్నాడు. "ఇప్పుడు తియ్యి."

మట్టయ్య నిటారుగా కూర్చుని చెయ్యి చాపాడు. చెయ్యి పోయింది. గేరు పడింది. బస్సు ముందుకే కదిలింది.

"మళ్ల ఆపు" అన్నాడు మహేందర్. అట్లా ఐదుసార్లు ఆపించాడు. ఐదోసారికి మట్టయ్య చొక్కా తడిసిపోయింది. నొప్పికి కాదు.

"బాగనే ఉంది. కానీ పెద్ద బండి కొత్తాయనకే ఉంచుతం. నీకు మీర్‌పేట్ మినీ బండి. పదిహేను మంది పోరగాండ్లు. వచ్చే ఏడు చూద్దాం."

పదకొండేళ్లు నడిపిన బండి వేరేవాళ్లకు పోయిందని మట్టయ్యకు కష్టంగానే ఉంది. ఆ కష్టం మాటల్లో పెట్టే హక్కు తనకు లేదనుకున్నాడు. సరేనన్నాడు.

మార్చిలో ఒక పొద్దున చొక్కా తొడుక్కుంటుంటే కుడి భుజంలో చిన్న పోటు వచ్చింది. మట్టయ్య అట్లాగే మంచం మీద కూర్చుండిపోయాడు. షుగరున్నవాళ్లకు కొందరికి రెండో భుజానికి కూడా వస్తుందని సూర్యప్రభ ఎప్పుడో చెప్పింది. ఆ రోజు సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్ పోయాడు. ఆమె చెయ్యి ఎత్తి, పక్కకు తిప్పి, వెనక్కి పెట్టి చూసింది.

"పూర్తిగానే తిరుగుతోంది బాబాయ్. ఇన్నాళ్లూ అన్ని పనులూ దీంతోనే చేశారు కదా, కండ అలిసి ఉండొచ్చు. ఇప్పుడే ఏదీ గట్టిగా చెప్పలేను. రెండు వారాలు చూద్దాం."

తెల్లారి బండి తీసే ముందు మట్టయ్య మహేందర్ దగ్గరికి పోయి ఆ సంగతి చెప్పాడు.

"చెయ్యి పూర్తిగనే తిరుగుతున్నదన్నదంటివి గదా. నాకెందుకు చెప్తున్నవ్?"

"రేపు ఏమన్నయితే అందరికంటే ముందు మీకు తెల్వాలె సారు."

"ఇయ్యాల ఎట్లున్నది?"

మట్టయ్య రెండు చేతులూ పైకెత్తాడు. రెండూ లేచాయి. కుడి భుజంలో మాత్రం చిన్న పోటు ఇంకా ఉంది.

"సరే, పో. సాయంత్రం వచ్చి మళ్ల చెప్పు" అన్నాడు మహేందర్.

ఆ రెండు వారాలూ మట్టయ్య పొద్దున లేవగానే గోడ దగ్గర నిలబడి కుడి చెయ్యి ఎత్తి చూసుకునేవాడు. పొయ్యి దగ్గర నుంచి సుమిత్రమ్మ చేతిలో పని ఆపి, అతను ఏం చెప్తాడోనని ఇటే చూసేది.

"లేసిందా?"

"లేసింది. ఇయ్యాలైతే లేసింది" అని చెప్పి, అతను చొక్కా అందుకునేవాడు.